పిల్లల గుండె కవాటం రిపేర్: డిగ్రీ చేతికొచ్చాక ఎలా నేర్చుకోవాలి

గుండె సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఆర్ఎన్‌బీ గానీ (రెండూ సూపర్ స్పెషాలిటీ డిగ్రీలు) పూర్తిచేసి, పిల్లల గుండె ఆపరేషన్ల వైపు వచ్చిన సర్జన్ల కోసం ఇది రాస్తున్నాను. ఏఎస్‌డీ, వీఎస్‌డీ (గుండె పై గదుల మధ్య, కింది గదుల మధ్య గోడల్లో ఉండే కన్నాలు) మూయడంలో మీకు ఇప్పటికే చేయి తిరిగి ఉంటుంది. పుట్టుకతోనే సరిగా ఏర్పడని కవాటాన్ని బాగుచేయాలి అనేసరికి మాత్రం చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. దానికి కారణం ఉంది. ట్రైనింగ్‌లో మనం చూసే వాల్వులు ఎక్కువగా రుమాటిక్ జబ్బుతో పాడైన పెద్దవాళ్లవి. అక్కడ చాలాసార్లు పాత వాల్వు తీసి కొత్తది పెట్టేస్తాం. పసిపిల్లల్లో ఆ దారి దాదాపు మూసుకుపోయి ఉంటుంది.

మెకానికల్ వాల్వుల్లో బాగా చిన్నది 15 మిల్లీమీటర్లది. దానికి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి 2018లో గానీ రాలేదు. చాలా చిన్న పాప మైట్రల్ చోట అది కూడా పట్టకపోవచ్చు. పట్టినా పాపతోపాటు పెరగదు. ఇక రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, దాని మోతాదు చూసుకోవడానికి మళ్లీ మళ్లీ ఐఎన్ఆర్ రక్తపరీక్షలు. పాడేరు దగ్గరి గూడెంలోనో ఆదిలాబాద్ తండాలోనో ఉండే అమ్మానాన్నలకు ఆ పరీక్ష చేయించడమంటే ఒకరోజు కూలి పోవడం. ఆడపిల్ల అయితే పెద్దయ్యాక గర్భం దాల్చినప్పుడు వార్ఫరిన్ కడుపులో బిడ్డకు హాని చేస్తుందనే భయం కూడా ఉంటుంది. టిష్యూ వాల్వు పెడదామంటే, పిల్లల ఒంట్లో దానికి కాల్షియం పట్టి పెద్దవాళ్లలో కంటే చాలా త్వరగా గట్టిపడిపోతుంది. కాబట్టి సొంత కవాటాన్ని బాగుచేసి, కాస్త లీకు మిగిలినా, బిడ్డ పెరిగేదాకా నెట్టుకురాగలిగితే అది పెద్ద లాభం.

ఈ విద్య రెండు రోజుల వర్క్‌షాప్‌లో రాదు. ఒక్క లోపాన్ని పట్టుకోవాలి. దాని మొదటి ఎకో (గుండె అల్ట్రాసౌండ్) దగ్గర్నుంచి ఆ బిడ్డ మూడేళ్ల తర్వాతి చెకప్ దాకా వెంట నడవాలి. ఆ తర్వాతే ఇంకో లోపం. కోర్సులు, కాన్ఫరెన్సులు ఈ పనికి సాయం చేస్తాయి, దీని స్థానంలోకి రాలేవు.

1. ముందు ఒక్క లోపాన్ని ఎంచుకోండి

నా సలహా పూర్తి ఏవీ కెనాల్‌తో (గుండె మధ్య గోడలో పెద్ద కన్నం, రెండు వైపులకూ కలిపి ఒకే వాల్వు) మొదలుపెట్టమని. మన దగ్గర కేసులు తరచుగా వస్తాయి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఇది ఎక్కువ కాబట్టి పిల్లల డాక్టర్లు ముందే అనుమానించి పంపుతారు. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులో ఆపరేషన్ చేస్తాం. ఈ వాల్వు తీరును బట్టి రాస్టెల్లి 1966లో చెప్పిన ఏ, బీ, సీ వర్గీకరణ ఇప్పటికీ పనికొస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఈ ఆపరేషన్ తర్వాత బిడ్డ మళ్లీ థియేటర్‌కు రావలసి వస్తే ఎక్కువసార్లు అందుకు కారణం ఎడమ ఏవీ వాల్వు లీకే. అంటే మీ వాల్వు పని ఎలా ఉందో ఈ ఆపరేషన్ దాచిపెట్టదు.

సింగిల్ ప్యాచ్, రెండు ప్యాచ్‌లు, వీఎస్‌డీకి ప్యాచ్ లేకుండా వాల్వును నేరుగా సెప్టమ్ (మధ్య గోడ) అంచుకు దించే ఆస్ట్రేలియన్ పద్ధతి, ఈ మూడింటిలో మీ యూనిట్‌లో ఏది చేస్తుంటే దాన్నే ముందు నేర్చుకోండి. ఏది గొప్పదన్న వాదన తర్వాత చేసుకోవచ్చు. క్లెఫ్ట్‌ను (ఎడమ వాల్వు రేకులోని చీలికను) ఎంతవరకు మూయాలి అన్న ప్రశ్నకే మీ మనసు ఎక్కువ పెట్టండి. తక్కువ మూస్తే లీకు మిగులుతుంది, ఎక్కువ మూస్తే దారి ఇరుకవుతుంది. వాల్వును పట్టి ఉంచే పాపిల్లరీ కండరం ఎడమవైపు ఒక్కటే ఉన్న గుండెలో క్లెఫ్ట్ మొత్తం మూసేస్తే బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఐసీయూ దాటి బయటికి రాకపోవచ్చు. మూసిన తర్వాత ఆ బరువుకు తగిన హెగార్ డైలేటర్ (దారి వెడల్పు కొలిచే గుండ్రని కడ్డీ) దూరుతుందో లేదో చూడకుండా ఏట్రియం (పై గది) మూయకండి.

దాని తర్వాత వీఎస్‌డీతో పాటు అయోర్టిక్ లీకు. పల్మనరీ వాల్వు కిందే ఉండే డబ్లీ కమిటెడ్ వీఎస్‌డీ పాశ్చాత్య దేశాల్లో కంటే ఆసియా పిల్లల్లో ఎక్కువ. దానివల్ల కుడి కరోనరీ కస్ప్ (అయోర్టిక్ వాల్వు రేకుల్లో ఒకటి) కిందికి జారడం మనవాళ్లు తరచూ చూసేదే. ట్రస్లర్ 1973లో ప్రచురించిన ప్లికేషన్ (సాగిన కస్ప్‌ను మడిచి కుట్టే) పద్ధతి ఇక్కడ మొదటి పాఠం. ఆ తర్వాత పుట్టుకతో వచ్చే మైట్రల్ లోపాలు: పారాచూట్ (వాల్వు తాళ్లన్నీ ఒకే కండరానికి చేరడం), హామక్ (కండరాలు అంటుకుపోయి వాల్వు ఊయలలా ఉండటం), వాల్వు పైన రింగు. ఎబ్‌స్టీన్ (కుడి వైపు వాల్వు కిందికి దిగి ఉండే లోపం) కోన్ రిపేర్‌ను, ట్రంకల్ వాల్వును (అయోర్టా, పల్మనరీ విడిపోక ఒకే నాళంగా ఉన్న గుండెలోని వాల్వును) చివరికి పెట్టుకోండి. బ్రెజిల్‌లో జోసే పెడ్రో ద సిల్వా 1993లో మొదలుపెట్టిన కోన్ పద్ధతి చూడటానికి అద్భుతంగా ఉంటుంది. వీడియో చూస్తే మనమూ చేయగలం అనిపిస్తుంది కూడా. కానీ లీఫ్లెట్‌ను (వాల్వు రేకును) వెంట్రికిల్ (కింది గది) గోడ నుంచి ఎక్కడిదాకా విడదీయాలో, ఆన్యులస్ (వాల్వు చుట్టూ ఉండే వలయం) ముడతలు వేసేటప్పుడు కుడి కరోనరీ ఎక్కడ మడతపడుతుందో తెలియాలంటే, అది బాగా చేసేవాళ్ల పక్కన చాలాసార్లు నిలబడాలి.

2. అనాటమీ మళ్లీ మొదటి నుంచి

సర్జన్లమైపోయాక అనాటమీ ఏం చదువుతాంలే అనుకోకండి. ఏవీ కెనాల్‌లో ఏవీ నోడ్ (గుండె కొట్టుకునే సంకేతాన్ని కింది గదులకు పంపేది) తన మామూలు చోట ఉండదు. కిందికి జరిగి, కరోనరీ సైనస్ నోటికీ వెంట్రికిల్ సెప్టమ్ అంచుకూ మధ్య ఉంటుంది. అక్కడ ఒక్క కుట్టు లోతుగా పడితే బిడ్డకు జీవితాంతం పేస్‌మేకర్. ఇది పుస్తకంలో చదివితే సరిపోదు, నిజమైన గుండెలో వేలు పెట్టి చూపించగలగాలి. మీకు దగ్గరలోని మెడికల్ కాలేజీ పాథాలజీ విభాగంలో భద్రపరిచిన గుండెలుంటే అనుమతి తీసుకుని చూడండి. అవి దొరకకపోతే ఉచితంగా చూడగలిగేవి ఉన్నాయి. టొరంటో, సిన్సినాటి పిల్లల ఆసుపత్రుల వాళ్లు నడిపే హార్ట్ యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో ఉంది. మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ల గుండె అట్లాస్‌లో కొట్టుకుంటున్న గుండె లోపల కెమెరా పెట్టి తీసిన వాల్వుల వీడియోలు ఉన్నాయి.

చూసిన ప్రతి స్పెసిమెన్‌కూ చేత్తో బొమ్మ గీయండి. లీఫ్లెట్లు, వాటిని పట్టుకున్న కార్డే (సన్నని తాళ్లు), పాపిల్లరీ కండరాలు, నోడ్ చోటు. ఫొటో తీసుకోవడం వేరు, గీయడం వేరు. గీయాలంటే ఏది దేనికి అంటుకుని ఉందో తేల్చుకోక తప్పదు.

3. ఎకో మిషన్ పక్కన కూర్చోండి

ఈ చదువులో సగం పైగా ఇక్కడే జరుగుతుంది. కానీ సర్జన్లు ఎక్కువగా దాటేసేది కూడా దీన్నే. రిపోర్టులో "సివియర్ ఏవీవీఆర్" (తీవ్రమైన ఏవీ వాల్వు లీకు) అని రాసి ఉంటే మీకు తెలిసేది లీకు ఉందని మాత్రమే. ఎందుకు లీకవుతోందో కార్డియాలజిస్టు పక్కన కూర్చుని మీరే చూడాలి.

ఫ్రెంచ్ సర్జన్ కార్పెంటియర్ 1983లో అందరికీ అందించిన ఆలోచన సులువైనది: లీఫ్లెట్ కదలిక మామూలుగా ఉందా, ఎక్కువగా ఉందా, తక్కువగా ఉందా? మొదటిదైతే ఆన్యులస్ సాగిందో, లీఫ్లెట్‌లో చీలికో కన్నమో ఉందో వెతకాలి. రెండోదైతే కార్డే పొడవైందో, తెగిందో చూడాలి. మూడోదైతే కార్డే పొట్టివి, కండరాలు అంటుకుపోయినవి. పిల్లల్లో ఇవి కలగలిసి వస్తాయి, అయినా ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టండి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రతి కేసుకూ ఆపరేషన్ ముందు రోజు ఇవి రాయండి: లీకు ఎక్కడినుంచి, ఎన్ని జెట్లు, ఏ దిశలో, ఆన్యులస్ కొలత, దాని జెడ్ స్కోరు (ఒంటి పరిమాణానికి తగ్గట్టు ఉందో లేదో చెప్పేది), లీఫ్లెట్ సరిపడా ఉందా, పాపిల్లరీ కండరాలు ఎన్ని, వాటి మధ్య దూరం ఎంత, నేను చేయబోయేది ఏమిటి, అది కుదరకపోతే రెండో ప్లాన్ ఏమిటి. థియేటర్ నుంచి రాగానే పక్క పేజీలో మీరు నిజంగా చూసింది రాయండి. రెండూ కలవని చోటే పాఠం ఉంటుంది. ఆ పేజీని కార్డియాలజిస్టుకు కూడా చూపించండి. వారానికొకసారి పావుగంట ఇద్దరూ కూర్చుంటే ఆయనకు మీ కళ్లు, మీకు ఆయన కళ్లు వస్తాయి.

మీ దగ్గర త్రీడీ ఎకో ఉంటే వాల్వును ఏట్రియం వైపు నుంచి, అంటే మీరు థియేటర్‌లో చూసే వైపు నుంచి, తిప్పి చూపించమనండి. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి బృందం తయారుచేసిన స్లైసర్‌హార్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. మీ ఎకో మిషన్ త్రీడీ డేటాను తగిన రూపంలో ఇవ్వగలిగితే దానితో వాల్వు మోడల్ తయారుచేసుకోవచ్చు. నేర్చుకోవడానికి ఓపిక కావాలి. యూనిట్‌లో కంప్యూటర్ మీద ఇష్టమున్న జూనియర్ ఒకరుంటే ఈ పని వాళ్లకు అప్పగించండి.

4. చేతికి పని చెప్పండి

టొరంటోలోని సిక్‌కిడ్స్ ఆసుపత్రి బృందం త్రీడీ ప్రింట్ చేసిన గుండె మోడళ్ల మీద ఆపరేషన్లు చేయించే శిక్షణను బాగా ప్రాచుర్యంలోకి తెచ్చింది. అలాంటి కోర్సు ఎక్కడైనా దొరికితే వదులుకోకండి. మోడల్ మీద మీరు చేస్తుంటే అనుభవజ్ఞుడు పక్కన నిలబడి ఆపి, సరిదిద్ది, మళ్లీ చేయిస్తాడు. బిడ్డ గుండె ఆగి ఉన్నప్పుడు అలా ఆపి చెప్పే వ్యవధి ఎవరికీ ఉండదు. అయితే ప్రింట్ చేసిన లీఫ్లెట్ నిజమైన లీఫ్లెట్‌లా ఉండదు, సూది దిగే తీరు వేరు. అందుకే దాంతోపాటు మేక గుండె కూడా కావాలి.

మటన్ కొట్టు ఆయనకు ముందు రోజే చెప్పిపెట్టండి: గుండెను కోయకుండా, పైన నాళాలు నాలుగు వేళ్ల పొడవు ఉంచి ఇవ్వమని. చెప్పకపోతే అలవాటుగా నిలువునా చీల్చేస్తారు. ఎడమ ఏట్రియం తెరిచి, మైట్రల్ ముందు లీఫ్లెట్‌ను అంచు నుంచి మధ్యదాకా చీల్చండి. అదే మీ క్లెఫ్ట్. 6-0 ప్రోలిన్ దారంతో విడివిడి కుట్లు వేసి మూయండి. అయోర్టాను బిగించి, వెంట్రికిల్‌లోకి బల్బ్ సిరంజితో నీళ్లు నింపి లీకు చూడండి. హెగార్‌తో కొలవండి. కుట్లు విప్పి మళ్లీ వేయండి. లూప్స్ (పెద్దగా చూపే కళ్లద్దాలు) పెట్టుకునే చేయండి, చేతి వణుకు వాటితోనే బయటపడుతుంది. గడువు దాటిన కుట్లు థియేటర్ సిస్టర్‌ను అడిగితే పక్కన పెట్టి ఇస్తారు. పరికరాలు మాత్రం దీనికోసం విడిగా ఉంచుకోండి, థియేటర్ సెట్‌లోవి వాడకండి.

అదే గుండె మీద అయోర్టిక్ కస్ప్ ప్లికేషన్ కూడా చేయవచ్చు. కస్ప్ అంచు ఆన్యులస్ నుంచి ఎంత ఎత్తులో కలుస్తోందో కొలిచే ఎఫెక్టివ్ హైట్ అన్న కొలతను జర్మనీలోని హోంబుర్గ్‌లో షేఫర్స్ బృందం ప్రచారంలోకి తెచ్చింది. పెద్దవాళ్లలో అది దాదాపు 9 నుంచి 10 మిల్లీమీటర్లు. పిల్లల్లో ఒంటి పరిమాణాన్ని బట్టి మారుతుంది. కంటి అంచనాకు, కాలిపర్ కొలతకు మధ్య తేడా మేక గుండె మీదే తెలుసుకోండి.

పెరికార్డియంతో (గుండె చుట్టూ ఉండే పొరతో) కస్ప్‌లు చేసే పని కూడా ఇక్కడే సాధన చేయాలి. జపాన్ సర్జన్ ఒజాకి 2007లో మొదలుపెట్టిన పద్ధతిలో రోగి పెరికార్డియాన్నే 0.6 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో పది నిమిషాలు ఉంచి, బాగా కడిగి, అచ్చుల ప్రకారం కత్తిరిస్తారు. అది నేర్చుకోవలసిన విద్యే. కానీ ఆ కస్ప్‌లు పెరగవు. పెరిగే పిల్లల్లో దీన్ని మొదటి దారిగా నేను చూడను. రిపేర్‌కు లొంగని అయోర్టిక్ వాల్వుకు, బిడ్డ సొంత పల్మనరీ వాల్వునే ఆ చోట అమర్చే రాస్ ఆపరేషన్ ఉందని, ఆ వాల్వు బిడ్డతోపాటు పెరుగుతుందని గుర్తుంచుకోండి. డొనాల్డ్ రాస్ దాన్ని 1967లో మొదలుపెట్టాడు. రిపేర్ నేర్చుకునేవాళ్లు రిపేర్ ఎక్కడ ఆపాలో కూడా నేర్చుకోవాలి.

5. కోర్సులు, కాన్ఫరెన్సులు

దీని మీద ఎక్కువ చెప్పను. మెడికల్ కౌన్సిల్ నియమావళి ప్రకారం ఐదేళ్లకు 30 గంటల సీఎంఈ (డాక్టర్ల నిరంతర శిక్షణ) కావాలి. అది ఎలాగూ పూర్తవుతుంది. ఐఏసీటీఎస్ (గుండె సర్జన్ల జాతీయ సంఘం) వార్షిక సదస్సు, పీడియాట్రిక్ కార్డియాక్ సొసైటీ ఆఫ్ ఇండియా సదస్సు, రెండింటికీ వీలైతే వెళ్లండి. రెండోదానికి కార్డియాలజిస్టులు, ఎనస్తీషియా వాళ్లు కూడా వస్తారు కాబట్టి వాల్వు గురించి చర్చ అక్కడ లోతుగా జరుగుతుంది. వీడియోల కోసం సీటీఎస్‌నెట్, యూరప్ సంఘం వాళ్ల మల్టీమీడియా మాన్యువల్ ఉచితం. అనల్స్ ఆఫ్ పీడియాట్రిక్ కార్డియాలజీ మన దేశపు పత్రిక, చదవడానికి డబ్బు కట్టనక్కర్లేదు.

వీడియో ఎంచుకునేటప్పుడు ఒక్కటి చూడండి: ఆపరేషన్ తర్వాతి ఎకో చూపించారా, ఏడాది తర్వాతిది చెప్పారా? లేకపోతే అది కుట్టు పాఠం మాత్రమే. కొత్త విషయాలు కూడా తెలుస్తూ ఉండాలి. ఉదాహరణకు 2022లో అమెరికాలోని డ్యూక్‌లో దాత గుండెలోని బతికున్న వాల్వులను మాత్రమే ఒక నవజాత శిశువుకు అమర్చారు. అవి బిడ్డతోపాటు పెరుగుతున్నాయని తర్వాత ప్రచురించారు. రేపు మన యూనిట్‌లో చేసేది కాకపోయినా తల్లిదండ్రులు అడిగితే చెప్పగలగాలి.

6. పక్కన నిలబడి నేర్చుకోవడం

బయటి దేశానికి అబ్జర్వర్‌గా వెళ్తే అక్కడి లైసెన్సు లేకుండా చేయి పెట్టనివ్వరు. అయినా వెళ్లడం మంచిదే, కానీ నెలల తరబడి ఉండే స్తోమత అందరికీ ఉండదు. తక్కువ రోజులైనా సరే, మీరు ఎంచుకున్న లోపానికి కేసులు వరుసగా పెట్టే వారం ఏదో ముందే రాసి కనుక్కుని వెళ్లండి. మీ సొంత కేసుల ఎకో క్లిప్పులు, పేర్లు తీసేసి, వెంట తీసుకెళ్లండి. "మీరైతే ఏం చేసేవారు?" అని అడిగితే ఏ సీనియర్ అయినా సంతోషంగా చెబుతారు. ఉదయం ఎకో మీటింగ్‌కు, సాయంత్రం ఐసీయూ రౌండ్‌కు తప్పకుండా వెళ్లండి. అన్ని చోట్లా థియేటర్ ఒకేలా ఉంటుంది, తేడా ఆ రెండు చోట్లే తెలుస్తుంది.

రెండో మార్గం గురువునే మన దగ్గరికి రప్పించడం. విజయవాడలో ఆంధ్ర హాస్పిటల్స్‌కు యూకేలోని హీలింగ్ లిటిల్ హార్ట్స్ సంస్థ బృందాలు వచ్చి పిల్లలకు ఆపరేషన్లు చేశాయి. హైదరాబాద్ నిమ్స్‌లోనూ బ్రిటన్ డాక్టర్లు, వాళ్లలో మన తెలుగువాళ్లు, ఇక్కడి బృందంతో కలిసి చేశారు. ఇలాంటి క్యాంపు మీ ఊరికి వస్తే కేవలం కేసుల సంఖ్య పెంచుకోవడానికి వాడకండి. వాల్వు కేసులు రెండో మూడో దానికోసం ఎంచి పెట్టండి. వాళ్లు అసిస్ట్ చేస్తుండగా మీరు చేయండి. మీ ఎకో డాక్టర్, ఎనస్తటిస్టు, పర్ఫ్యూజనిస్టు పక్కనే ఉండేలా చూడండి. వాల్వు రిపేర్ ఒక్కరు నేర్చుకుంటే యూనిట్‌కు రాదు.

7. మీ మొదటి కేసులు

మొదటి కేసులకు లీఫ్లెట్ బాగున్న, మెకానిజం స్పష్టంగా తెలిసిన బిడ్డను ఎంచుకోండి. సీనియర్ ఒకరు చేతులు కడుక్కుని పక్కన ఉండాలి. ఎంత లీకు మిగిలితే ఊరుకుంటాం, ఎంతైతే మళ్లీ పంప్ (హార్ట్-లంగ్ మిషన్) మీదికి వెళ్తాం అన్నది ఆపరేషన్ ముందే టీమ్ మొత్తం కూర్చుని రాసిపెట్టుకోండి. క్లాంప్ తీశాక, అలసిపోయి ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయం మెత్తబడిపోతుంది.

నీళ్లు నింపి చూసే పరీక్షను పూర్తిగా నమ్మకండి. ఆగిపోయి మెత్తగా ఉన్న వెంట్రికిల్‌లో పాపిల్లరీ కండరాలు పనిచేసే స్థితిలో ఉండవు. అది స్థూలమైన లోపాన్ని చూపిస్తుంది, అంతవరకే. అసలు పరీక్ష పంప్ దిగాక టీఈఈ (అన్నవాహికలోకి ప్రోబ్ దింపి చేసే ఎకో). అది చూసేటప్పుడు ఎనస్తటిస్టును అడిగి బీపీని ఆ వయసుకు మామూలుగా ఉండే స్థాయికి తీసుకురండి. బీపీ తక్కువగా ఉంటే లీకు తగ్గినట్టు కనిపిస్తుంది, రాత్రి ఐసీయూలో మళ్లీ బయటపడుతుంది. ప్రోబ్ పట్టనంత చిన్న బిడ్డ అయితే స్టెరైల్ కవర్ వేసి ఎపికార్డియల్ ఎకో (గుండె మీదే ప్రోబ్ పెట్టి చేసేది) చేయండి. లీకుతోపాటు గ్రేడియంట్ (దారి ఇరుకైతే పెరిగే ఒత్తిడి తేడా) కూడా కొలిచారో లేదో చూసుకోండి.

8. లెక్క రాయండి, బిడ్డను వదలకండి

లండన్ సర్జన్ మార్క్ ద లెవాల్ 1994లో తన 104 నవజాత శిశువుల ఆర్టీరియల్ స్విచ్ (తారుమారైన పెద్ద నాళాలను మార్చి కుట్టే) ఆపరేషన్ల లెక్కను ప్రచురించాడు. బాగా సాగుతున్న వరుసలో ఒక్కసారిగా మరణాలు గుంపుగా వచ్చాయి. ఆయన దాన్ని దురదృష్టం అనుకోలేదు. క్యూసమ్ గ్రాఫ్ (కేసు కేసుకూ వైఫల్యాలను కూడుతూ పోయే గీత) గీసి చూశాడు, ఫలితాలు బాగున్న మరో చోటికి వెళ్లి మళ్లీ నేర్చుకుని వచ్చాడు, దాన్నంతా అందరికీ రాసి చెప్పాడు. పేరున్న సర్జన్ చేసిన ఆ పని మీద నాకు అపారమైన గౌరవం. అదే గ్రాఫ్ మీరు ఎక్సెల్‌లో గీసుకోవచ్చు. మరణాన్నే కాకుండా మిగిలిన లీకును, మళ్లీ చేసిన ఆపరేషన్‌ను కూడా వైఫల్యంగా లెక్కపెట్టండి. బోస్టన్ వాళ్లు వాడే టెక్నికల్ పెర్ఫార్మెన్స్ స్కోరు డిశ్చార్జ్ ఎకోను బట్టి ఫలితాన్ని మూడు తరగతులుగా విడదీస్తుంది. దాన్ని వాడితే వాదన తగ్గుతుంది. మీ ఆసుపత్రి ఇంకా చేరకపోతే 2008లో మొదలైన ఐక్యూఐసీలో (పిల్లల గుండె ఆపరేషన్ల ఫలితాలు మెరుగుపరిచే అంతర్జాతీయ కార్యక్రమంలో) చేరమని యాజమాన్యాన్ని అడగండి. మన దేశంలో చాలా ఆసుపత్రులు అందులో ఉన్నాయి.

ఈ లెక్కకు పెద్ద అడ్డంకి బిడ్డ తిరిగి రాకపోవడం. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయిపోతుంది, బిడ్డ ఆడుకుంటూ ఉంటుంది, మళ్లీ హైదరాబాద్‌కో తిరుపతికో విశాఖకో రావడానికి బస్సు ఖర్చులు, సెలవు దొరకవు. డిశ్చార్జ్ రోజు రెండు మూడు ఫోన్ నంబర్లు తీసుకోండి: నాన్నది, అమ్మమ్మదో నానమ్మదో, ఆ ఊరి ఆశా కార్యకర్తది. నాన్న సిమ్ మారినా మిగతా ఇద్దరిలో ఎవరో ఒకరు దొరుకుతారు. దగ్గరి పట్టణంలో ఎకో చేసే డాక్టర్ ఉంటే ఆయనకు ఒక కాగితం రాసి పంపండి: ఎడమ ఏవీ వాల్వు లీకు ఎంత, జెట్ ఎక్కడినుంచి, మీన్ గ్రేడియంట్ ఎంత, ఆన్యులస్ ఎంత, ఎడమ వెంట్రికిల్ సైజు, ఎల్‌వీఓటీలో (ఎడమ వెంట్రికిల్ నుంచి రక్తం బయటికి వెళ్లే దారిలో) అడ్డంకి ఉందా, పల్మనరీ ప్రెషర్ ఎంత. క్లిప్పులు వాట్సాప్‌లో పంపమనండి. డిశ్చార్జ్ తర్వాత నెలకు, ఆరు నెలలకు, ఆపైన ఏటా ఒకసారి. ఆ తేదీలు మీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకుని, బిడ్డ రాని వారం మీరే ఫోన్ చేయండి.